ఎండలు ముదరకముందే కారు ఏసీ: గ్యాస్ కొట్టించే ముందు ఇవి చూసుకోండి

శివరాత్రికి చలి శివశివా అంటూ పోయిందంటే కర్నూలు, అనంతపురం, కడపల్లో ఇక మిగిలేది ఎండలే. ఏప్రిల్ సగానికి వచ్చేసరికి 42 డిగ్రీలు మామూలైపోతుంది. ఏసీ చల్లగా రావట్లేదని ఊరంతా ఒకేసారి షెడ్డు ముందు నిలబడుతుంది, మెకానిక్‌కు తీరిక ఉండదు, మనకు ఓపిక ఉండదు, చివరికి "గ్యాస్ కొట్టిస్తే సరిపోతాది అన్నా" అన్న ఒక్క మాటతో పని ముగుస్తుంది. నెల తిరిగేలోపు మళ్లీ వేడిగాలి. అందుకే ఈ పని ఉగాది లోపలే పెట్టుకోండి, షెడ్డు ఖాళీగా ఉన్నప్పుడైతే మెకానిక్ కూడా నిదానంగా చూస్తాడు.

ఏసీ గ్యాస్ పెట్రోలు మాదిరి వాడేకొద్దీ అయిపోయేది కాదు, ఇది ముందు మనసులో పెట్టుకోండి. మూసిన పైపుల్లో అదే గ్యాస్ తిరుగుతూ ఉంటుంది. కంప్రెసర్ దాన్ని గట్టిగా నొక్కుతుంది, అది వేడెక్కుతుంది, రేడియేటర్ ముందున్న కండెన్సర్‌లో ఆ వేడిని బయటికి వదిలేసి ద్రవంగా మారుతుంది, అక్కడి నుంచి ఎక్స్‌పాన్షన్ వాల్వ్ సన్న సందులోంచి డాష్‌బోర్డు లోపలి కూలింగ్ కాయిల్‌లోకి పోయి మళ్లీ ఆవిరవుతూ క్యాబిన్‌లోని వేడిని లాక్కుంటుంది. అంతే కథ. ఏళ్ల మీద రబ్బరు పైపుల్లోంచి, సీళ్లలోంచి కొంచెం పోవడం ఉంటుంది గానీ, ప్రతి ఎండాకాలం కొట్టించాల్సి వస్తోందంటే ఎక్కడో లీకు ఉన్నట్టే.

కాబట్టి షెడ్డుకు పోయే ముందు మీ బండి ఏ రకంగా సతాయిస్తోందో గమనించండి. హైవే మీద చల్లగా ఉండి, ఊళ్లోకి వచ్చి సిగ్నల్ దగ్గర ఆగగానే వేడిగాలి వస్తోందా? అయితే ఎక్కువ అనుమానం కండెన్సర్ మీద, దాని ఫ్యాన్ మీద పెట్టుకోవాలి. గాలి చల్లగానే ఉంది గానీ ఊపిరి ఊదినంతే వస్తోందా? లోపలి గాలిని వడగట్టే క్యాబిన్ ఫిల్టర్ మూసుకుపోయి ఉండొచ్చు. అరగంట బాగా వచ్చి తర్వాత గాలే తగ్గిపోయి, ఏసీ కాసేపు ఆపితే మళ్లీ మామూలవుతోందా? లోపల కూలింగ్ కాయిల్ మీద మంచు గడ్డకడుతోంది. కాసేపు చల్లన, కాసేపు వేడి అయితే కంప్రెసర్‌ను ఇంజిన్‌తో కలిపే క్లచ్ పట్టి వదులుతోందేమో, గ్యాస్ తక్కువై ప్రెషర్ స్విచ్ ఆపేస్తోందేమో చూడాలి. ఈ నాలుగింటిలో గ్యాస్ మాట వచ్చింది ఎన్నిసార్లో చూడండి మరి.

మన వైపు బండ్లకు అన్నిటికన్నా పెద్ద శత్రువు దుమ్ము. బేతంచెర్ల వైపు నాపరాళ్ల పొడి, ఎర్రగుంట్ల రోడ్డులో సిమెంటు లారీల వెనక బూడిద, అనంతపురం పల్లెదారుల్లో ఎర్రమట్టి, ఇవన్నీ నేరుగా కండెన్సర్ జాలీలోకే పోతాయి. ఆదోనిలో జిన్నింగు మిల్లుల చుట్టూ తిరిగే బండ్ల సంగతి చెప్పనక్కర్లేదు, దూది పోగులు పట్టి, వాటి మీద దుమ్ము కూర్చుని, జాలీ మీద బూడిదరంగు కంబళి కప్పినట్టే ఉంటుంది. బానెట్ ఎత్తి పైనుంచి చూస్తే ఇదేమీ కనిపించదు. ముందు గ్రిల్ కింద కూర్చుని ఫోను టార్చి వేసి చూడండి. రేకుల మధ్య వెలుతురు దూరకపోతే, చచ్చిన పురుగులు, ఆకులు, పాలిథీన్ ముక్కలు కనిపిస్తే అక్కడే సగం జబ్బు దొరికినట్టు. కండెన్సర్‌కూ రేడియేటర్‌కూ మధ్య సందులో కూడా చెత్త చేరుతుంది, చాలామంది దాని జోలికే పోరు.

కడగడం మీరే చేసుకోవచ్చు. ఇంజిన్ పూర్తిగా చల్లారాక, తోటకు నీళ్లు పెట్టే పైపుతో మెల్లగా, వీలైతే ఇంజిన్ వైపు నుంచి బయటికి వచ్చేలా నీళ్లు వదలండి, ముందు నుంచి కొడితే చెత్త ఇంకా లోపలికి దిగుతుంది. వాటర్ వాషింగ్ వాళ్ల ప్రెషర్ గన్ను మాత్రం దగ్గరగా పెట్టనివ్వొద్దు, ఆ అల్యూమినియం రేకులు కాగితం మందమే ఉంటాయి, ఒక్క దెబ్బకు పడుకుంటాయి, ఆ తర్వాత గాలి దూరేదెట్లా? ఇంకో జాగ్రత్త: కొన్ని బండ్లలో ఇంజిన్ ఆపినా ఫ్యాన్ తనంతట తానే తిరగొచ్చు, తాళం తీసి జేబులో వేసుకున్నాకే చెయ్యి పెట్టండి. వేడి మీద రేడియేటర్ మూత జోలికి అసలు పోవద్దు.

ఫ్యాన్ చూడటం కూడా కష్టం కాదు. బండి స్టార్ట్ చేసి ఏసీ వేయండి, కంప్రెసర్ దగ్గర టిక్ మని చప్పుడు వస్తుంది (కొన్ని కొత్త కార్లలో ఆ క్లచ్చే ఉండదు, చప్పుడు రాలేదని కంగారు పడొద్దు), కాసేపట్లోనే కండెన్సర్ ఫ్యాన్ తిరగాలి. తిరక్కపోతే ఫ్యూజు, రిలే (ఫ్యాన్‌కు కరెంటు కలిపే చిన్న స్విచ్), మోటారు వరుసగా చూడమనండి. రిలే కొంచెం డబ్బుతో పోయే వస్తువు, దాని కోసం కంప్రెసర్ మార్చుకున్న వాళ్లున్నారంటే నమ్మండి. ఫ్యాన్ తిరుగుతున్నా నిదానంగా తిరిగితే అదీ జబ్బే, 43 డిగ్రీల గాలిలో వేడి వదలాలంటే గట్టి గాలి తోలాలి కదా.

క్యాబిన్ ఫిల్టర్ చాలా కార్లలో గ్లవ్ బాక్స్ వెనకే ఉంటుంది. తీసి దులిపి చూడండి, నల్లబడితే కొత్తది వేయించండి, సర్వీసు పుస్తకంలో రాసిన కిలోమీటర్ల దాకా మన దుమ్ములో ఆగొద్దు. ఏసీ నడుస్తుంటే కారు కింద నీళ్లు కారడం మంచిదే, నీళ్లు బయటికి రాకుండా ముందు సీటు కింద మ్యాటు తడుస్తోందంటే డ్రైన్ పైపు మూసుకుపోయినట్టు.

ఇవన్నీ బాగున్నా చల్లదనం లేదంటే అప్పుడు గ్యాస్ దగ్గరికి పోదాం. ఇక్కడ కొంచెం మొహమాటం పక్కన పెట్టాలి. లీకు వెతక్కుండా గ్యాస్ ఎక్కిస్తానంటే వద్దని చెప్పండి. పైపుల జాయింట్ల దగ్గర, కండెన్సర్ మూలల్లో దుమ్ము పట్టి నల్లగా జిడ్డుగా ఒకచోట మరక ఉంటే అక్కడి నుంచే గ్యాస్, దాంతోపాటు కంప్రెసర్ ఆయిలూ పోతున్నట్టు. నైట్రోజన్ ఎక్కించి సబ్బునురుగు పెట్టి చూడటం, రంగు కలిపి అల్ట్రావయొలెట్ లైటుతో చూడటం, రెండూ మంచి పద్ధతులే. లీకు మాన్పిన తర్వాత కనీసం అరగంట వ్యాక్యూమ్ పెట్టాలి, అంటే పంపుతో పైపుల్లోని గాలి, తేమ లాగేయాలి, పైపుల్లో తేమ మిగిలితే వాల్వ్ దగ్గర గడ్డకడుతుంది. ఆ తర్వాత గ్యాస్ తూకం వేసి ఎక్కించాలి. ఎన్ని గ్రాములో బానెట్ కింద స్టిక్కర్ మీద రాసి ఉంటుంది, చిన్న కార్లకు చాలావరకు అర కిలో లోపే. "చెయ్యి పెట్టి చూస్తా, చల్లగా వస్తే చాలు" అనే వాళ్ల దగ్గర ఎక్కువ పడే ప్రమాదం ఉంది, గ్యాస్ ఎక్కువైనా చల్లదనం తగ్గుతుంది, కంప్రెసర్ మీద భారం పడుతుంది. బండి ఆపి ఉన్నప్పుడు గేజీలో ప్రెషర్ బాగుందని చూపిస్తే కూడా నమ్మొద్దు, పైపుల్లో ద్రవం కొంచెం మిగిలి ఉన్నంతసేపు ఆ అంకె బయటి వేడిని బట్టే ఉంటుంది, గ్యాస్ ఎంతుందో చెప్పదు.

మన దగ్గర ఎక్కువ కార్లలో ఉండేది ఆర్-134ఏ అనే గ్యాస్. కొన్ని కొత్త కార్లలో ఆర్-1234వైఎఫ్ వస్తోంది, ఒకదాని బదులు ఇంకోటి ఎక్కించకూడదు. చౌకగా వస్తుందని వంటగ్యాస్ లాంటి మంటంటుకునే గ్యాసులు కలిపి ఎక్కించే వాళ్లు ఉంటే అక్కడి నుంచి బండి తీసేయండి. లీకు దానంతట అదే మూసుకుపోతుందని డబ్బాలో అమ్మే జిగురు కూడా వద్దు, అది లీకు కన్నా ముందు వాల్వ్‌నే మూసేస్తుంది. ఇంట్లో గ్యాస్ డబ్బా తెచ్చుకుని మీరే ఎక్కించుకోవద్దు, ద్రవం మైనస్ 26 డిగ్రీల దగ్గరే మరుగుతుంది, చర్మం మీద పడితే చలికి కమిలిపోతుంది, కళ్లలో పడితే ఇంకా ఘోరం. ఎలక్ట్రిక్, హైబ్రిడ్ కార్లయితే కంప్రెసర్ హై వోల్టేజ్ మీద నడుస్తుంది, దాని ఆయిలూ వేరు, ఆ పని తెలిసిన చోటికే పోవాలి.

బాగు చేయించాక బండి సాయంత్రం చల్లబడ్డాక తీసుకోవద్దు. మధ్యాహ్నం పూట లోపలి గాలి తిరిగే బటన్ నొక్కి పది నిమిషాలు తిప్పి, మధ్య వెంటులో చిన్న థర్మామీటరు పెట్టండి. 10 డిగ్రీలకు అటూఇటూ వస్తే బాగున్నట్టే, 17, 18 దగ్గరే ఆగిపోతే అక్కడే తేల్చుకోండి.

వాడకంలోనూ కొన్ని ఉన్నాయి. ఎండలో నిలిపిన బండి ఎక్కగానే అద్దాలు దించి ఒక నిమిషం నడిపి ఆ కాగిన గాలిని పోనివ్వండి, తర్వాతే అద్దాలు మూసి లోపలి గాలి బటన్ వేయండి. దూరప్రయాణంలో గంటల తరబడి అదే బటన్ మీద ఉంచితే ఊపిరితో గాలి బరువెక్కి నిద్ర ముంచుకొస్తుంది, మధ్యమధ్యలో బయటి గాలి రానివ్వండి. గువ్వలచెరువు ఘాటు ఎక్కేటప్పుడు ఇంజిన్ వేడి ముల్లు పైకి పోతుంటే ఏసీ ఆపేయడమే మంచిది, పైకి వెళ్లి పాలకోవా తిని మళ్లీ వేసుకోండి. మూసిన షెడ్డులో ఇంజిన్ ఆన్ చేసి ఏసీ వేసుకుని పడుకోవద్దు, పొగలోని కార్బన్ మోనాక్సైడ్‌కు వాసన ఉండదు, మనిషికి తెలియకుండానే ప్రాణం తీస్తుంది.

పిల్లల్ని, ముసలివాళ్లని "రెండు నిమిషాల్లో వస్తా" అని కారులో వదిలి అంగట్లోకి పోకండి. మూసిన కారులో మొదటి పది నిమిషాల్లోనే దగ్గర దగ్గర పది డిగ్రీలు పెరుగుతుంది, అద్దం కొంచెం దించినా పెద్ద తేడా ఉండదు. ఏసీ వేసి వెళ్లానులే అనుకుంటే, అది మధ్యలో ఆగిపోతే అడిగే దిక్కుండదు.

వానలు పడి చల్లబడ్డాక కూడా వారానికోసారి ఓ పది నిమిషాలు ఏసీ వేస్తూ ఉండండి. ఆయిల్ తిరగకపోతే కంప్రెసర్ సీలు ఎండిపోతుంది, వచ్చే ఏడాది లీకు అక్కడే మొదలవుతుంది.