ఒక ఏడాదిని ఒక్క చార్టు మీద పెట్టడం: 1323తో చేసి చూడండి

మధ్యయుగంలోంచి ఒక సంవత్సరం తీసుకుని, ఆ ఏడు లోకంలో ఎక్కడెక్కడ ఏం జరిగిందో ఒకే పెద్ద చార్టు మీద రాసుకోవడం నాకు చాలా కాలంగా అలవాటు. మీరూ మొదలుపెట్టాలనుకుంటే 1323 తీసుకోండి. ఓరుగల్లు పడిపోయిన ఏడు అది.

ముందు చార్టు నడిమధ్యలో మీ మనసుకి దగ్గరైన సంఘటన ఒకటి రాయండి. నేను ప్రతాపరుద్రుడితో మొదలుపెట్టాను. ఢిల్లీ సుల్తాను గియాసుద్దీన్ తుగ్లక్ కొడుకు ఉలుగ్ ఖాన్ అంతకుముందే ఒకసారి ఓరుగల్లు మీదికి వచ్చాడు. సుల్తాను చనిపోయాడని పుకారు పుట్టి సేన చెదిరిపోవడంతో వెనక్కి తగ్గాడు. 1323లో మళ్లీ వచ్చినప్పుడు తొందరపడలేదు. బీదర్, బోధన్ కోటలు పట్టుకుని, వెనక దారి భద్రం చేసుకున్నాకే ఓరుగల్లుని ముట్టడించాడు. ఢిల్లీకి తీసుకెళ్తుండగా ప్రతాపరుద్రుడు నర్మద ఒడ్డున చనిపోయాడని ముసునూరి ప్రోలయ నాయకుడి విలస శాసనం చెబుతుంది. చార్టు మీద "కాకతీయ యుగం ముగిసింది" అని రాయకండి. ఎవరు, ఎక్కడ, ఏం చేశారో రాయండి. ఆరు నెలల తర్వాత చూసినా మీకు పనికొచ్చేది అదే.

ఇక తేదీలు. పని మొత్తంలో ఎక్కువ ఓపిక కావలసింది ఇక్కడే. మన శాసనాల్లో శక సంవత్సరం ఉంటుంది. దానికి 78 కలపాలి, జనవరి నుంచి ఉగాది దాకా అయితే 79. శక 1245, రుధిరోద్గారి అంటే 1323 ఉగాది నుంచి 1324 ఉగాది దాకా. ముస్లింల హిజ్రీ సంవత్సరానికి అలా కూడిక చాలదు, ఎందుకంటే ఆ చాంద్రమాన సంవత్సరం ఇంగ్లిష్ సంవత్సరం కంటే దాదాపు పదకొండు రోజులు తక్కువ. హిజ్రీ అంకెని 0.97తో గుణించి 622 కలిపితే దగ్గరగా వస్తుంది. లెక్క ప్రకారం హిజ్రీ 723 మొత్తం 1323లోనే ఇమిడిపోతుంది, ఇలా కుదరడం అరుదు. ఇంగ్లండ్ కాగితాలైతే ఇంకో మెలిక ఉంది. అక్కడ కొత్త ఏడు మార్చి 25న మొదలయ్యేది కాబట్టి, మన 1323 జనవరిని వాళ్లు 1322 అనే రాసేవారు.

ఢిల్లీ పాలనలో వేసిన రాజమహేంద్రవరం మసీదు శాసనం దగ్గర నేను తప్పు చేశాను. అందులో హిజ్రీ 724, రంజాన్ నెల అని ఉంది. తిన్నగా 622 కలిపి 1346 అని రాసేశాను. ఆనాటికి అక్కడ ఢిల్లీ అధికారమే లేదు కదా అని సందేహం వచ్చి మళ్లీ లెక్కేస్తే 1324 సెప్టెంబర్ ప్రాంతం తేలింది. అంకె వేశాక, ఆ ఏడు అక్కడ ఎవరు ఏలుతున్నారో ఒకసారి చూసుకోండి.

తర్వాత నెలల వారీగా నింపండి. జనవరి 25: లిథువేనియా పాలకుడు గెడిమినాస్ జర్మన్ పట్టణాలకి రాసిన ఉత్తరంలో విల్నియస్ (ఇప్పటి లిథువేనియా రాజధాని) పేరు మొదటిసారి కనిపిస్తుంది. వర్తకుల్నీ చేతిపనివాళ్లనీ రమ్మని పిలిచాడు. జూలై 18: ఫ్రాన్స్‌లోని అవిన్యోలో పోప్ 22వ జాన్, క్రైస్తవ తత్వవేత్త థామస్ అక్వినాస్‌ని సెయింట్‌గా ప్రకటించాడు. ఆగస్టు 12: లడోగా సరస్సు నుంచి నెవా నది బయల్దేరే చోట, ఒక దీవి మీద, స్వీడన్, రష్యన్ల నోవ్‌గొరోద్ రాజ్యం మధ్య సంధి. సెప్టెంబర్ 4: చైనా ఏలుతున్న మంగోలు చక్రవర్తి గెగీన్ ఖాన్ వేసవి రాజధాని షాంగ్‌దు నుంచి వస్తుండగా దారిలో హత్యకి గురయ్యాడు. అప్పటికి అతనికి ఇరవై దాటాయి, అంతే.

నాకు అన్నిటికంటే ఇష్టమైనది ఒక ఓడ. చైనాలోని నింగ్‌బో నుంచి జపాన్‌లోని హకాతాకి బయల్దేరి కొరియా తీరంలో మునిగిపోయింది. 1975లో ఒక జాలరి వలలో పింగాణీ పాత్రలు పడటంతో దాని జాడ తెలిసింది. ఇరవై వేలకి పైగా పింగాణీ సామాను, దాదాపు 28 టన్నుల రాగి నాణేలు బయటికి తీశారు. సరుకు ఎవరిదో గుర్తుపట్టడానికి మూటలకి కట్టిన చిన్న చెక్క బిళ్లలు కూడా బురదలో చెడకుండా మిగిలాయి. కొన్నిటి మీద క్యోటోలోని తోఫుకుజి ఆలయం పేరుంది. కొన్నిటి మీద "జిజి 3వ ఏడు" అని సిరాతో రాసి ఉంది. జిజి అంటే ఆ గెగీన్ ఖాన్ ఏలుబడికి పెట్టిన పేరు, అదే 1323.

ఇలాంటి చోటే గీత గీయండి. ఓడ బిళ్లకీ చక్రవర్తి హత్యకీ మధ్య గీత గీయొచ్చు, ఆధారం కళ్ల ముందే ఉంది. ఓరుగల్లుకీ విల్నియస్‌కీ మధ్య గీయకండి. ఒకరి సంగతి ఒకరికి తెలియకుండానే అదే ఏడాది గడిపారు. పక్కపక్కన రాస్తే చాలు.

చివరగా కుడి అంచున ఒక సన్నని పట్టీ ఖాళీగా వదలండి. డిసెంబర్‌తో ఆగని సంగతులకి అది. నా చార్టులో రాజమహేంద్రవరం మసీదు ఇప్పుడు అక్కడే ఉంది, పక్కన 1324 అని.