గ్రానైట్ నేల ఉన్న హాలులో సరౌండ్ సౌండ్: థియేటర్‌లో సీటు నుంచి ఇంట్లో స్పీకర్ల దాకా

నెల్లూరు, ఒంగోలు పట్టణాల్లో కొత్తగా కడుతున్న ఇళ్లలో హాలు చాలావరకు ఒకే తీరున ఉంటుంది. కింద చీమకుర్తి గ్రానైటో నున్నటి టైల్సో, పైన కాంక్రీటు శ్లాబు, ఒక పక్క పెద్ద గాజు కిటికీ, ఎదుటి గోడకు టీవీ. కంటికి ఇంపుగా ఉండే ఈ గట్టి ఉపరితలాలన్నీ శబ్దాన్ని పీల్చుకోకుండా తిప్పికొడతాయి కాబట్టి, దుకాణంలో కార్పెట్ పరిచిన గదిలో అద్భుతంగా వినిపించిన హోమ్ థియేటర్ ఇంటికి వచ్చాక డైలాగులు కూడా తెలియనంత గందరగోళంగా మోగుతుంది. సెట్టు మార్చే ముందు గదినీ, కూర్చునే చోటునూ సరిచేసుకోవడం మేలు, ఖర్చు కూడా తక్కువ.

ఒక శబ్దం కుడి వైపు నుంచి వస్తే అది కుడి చెవికి ముందు, ఎడమ చెవికి తర్వాత చేరుతుంది. ఆ తేడా సెకనులో వెయ్యో వంతు కూడా ఉండదు. అయినా మెదడు దాన్ని పట్టుకుని దిక్కును పోల్చుకుంటుంది. చుట్టూ స్పీకర్లు పెట్టి శబ్దం ఫలానా దిక్కు నుంచి వస్తున్నట్లు వినిపించడమే సరౌండ్ సౌండ్. 5.1 అంటే ముందు మూడు స్పీకర్లు, పక్కలకు కాస్త వెనకగా రెండు, లోతైన శబ్దాలకు ఒక సబ్ వూఫర్. 2010లో థియేటర్లకు 7.1 (వెనక వైపు శబ్దానికి మరో రెండు దారులు), 2012లో డాల్బీ అట్మాస్ వచ్చాయి. అట్మాస్‌లో పైకప్పుకు కూడా స్పీకర్లుంటాయి. ఒక హెలికాప్టర్ శబ్దాన్ని ఫలానా స్పీకర్‌కు కేటాయించడం కాకుండా, అది హాలులో ఎక్కడ ఉండాలో స్థానాన్ని నమోదు చేస్తారు. హాలులోని స్పీకర్లను బట్టి యంత్రమే దాన్ని పంచుతుంది. థియేటర్‌లో 128 ట్రాకుల వరకు, 64 విడి స్పీకర్ దారుల వరకు ఇది పనిచేయగలదు.

మొదట థియేటర్ సంగతి. ఇంట్లో ఏం కావాలో తెలియాలంటే బాగా అమర్చిన హాలులో ఒక సినిమా వినడం అవసరం. అప్పటికి నెల్లూరు జిల్లాలోనే ఉన్న సూళ్లూరుపేటలో 2019లో మొదలైన వీ ఎపిక్ థియేటర్‌లో తెర వెడల్పు వంద అడుగుల పైమాటే, అట్మాస్ కూడా ఉంది. ఎక్కడికి వెళ్లినా టికెట్ తీసుకునేటప్పుడు తెర నుంచి వెనక గోడ వరకు ఉన్న దూరంలో సుమారు మూడింట రెండు వంతుల దగ్గర, వరుసకు నడుమన ఉన్న సీటు చూసుకోవాలి. పక్క గోడను ఆనుకున్న సీటులో చెవి పక్కనున్న స్పీకర్ ఒక్కటే మిగతావాటిని కమ్మేస్తుంది. పాత హాళ్లలో బాల్కనీ కిందికి చొచ్చుకుపోయిన చివరి వరుసలను వదిలేయడం మంచిది, ఎందుకంటే పైకప్పు స్పీకర్ల శబ్దానికి బాల్కనీయే అడ్డు. సినిమాను అట్మాస్‌లో మిక్స్ చేసి ఉండకపోతే అట్మాస్ హాలులోనూ వినిపించేది 5.1 లేదా 7.1 మాత్రమే కాబట్టి, ఆ ఆట వివరాల్లో అట్మాస్ అని ఉందో లేదో చూసి వెళ్లాలి.

ఇక ఇంట్లో మొదటి పని టేపుతో కొలవడం. ముందు ఎడమ, కుడి స్పీకర్ల మధ్య దూరం ఎంతో, వాటిలో ఒక్కోదాని నుంచి సోఫా నడిమికి ఉన్న దూరం కూడా దాదాపు అంతే ఉండేలా జరిపితే కోణాలు వాటంతట అవే కుదురుతాయి. సెంటర్ స్పీకర్‌ను టీవీ కిందో పైనో పెట్టి చెవుల వైపు కొద్దిగా వంచాలి. డైలాగులు ఎక్కువగా దాని నుంచే వస్తాయి కనుక దాన్ని షోకేసు అర లోపలికి తోయకూడదు. సరౌండ్ స్పీకర్లు సోఫాకు పూర్తిగా వెనక కాకుండా, పక్కల నుంచి కొంచెం వెనకగా, చెవి ఎత్తు కన్నా కాస్త పైన ఉండాలి. సోఫాను వెనక గోడకు ఆనించి వేయడం మనకు అలవాటే గానీ, రెండు అడుగులైనా ముందుకు జరిపితే వెనక శబ్దానికి చోటు దొరుకుతుంది.

రెండో పని నేలా గోడలూ. సోఫాకూ టీవీకీ మధ్య మందపాటి జంబుఖానా పరవాలి. గాజు కిటికీకి బరువైన కర్టెన్ కట్టాలి. పక్క గోడల్లో ఏ చోట మెత్తదనం కావాలో తెలుసుకోవడానికి, మీరు సోఫాలో కూర్చుని, ఇంకొకరిని గోడ వెంబడి చేతి అద్దాన్ని మెల్లగా జరపమనండి. అద్దంలో ముందు స్పీకర్ ఎక్కడ కనబడుతుందో, దాని శబ్దం గోడకు తగిలి మీ చెవికి చేరేది సరిగ్గా అక్కడి నుంచే. ఆ చోట కర్టెనో పుస్తకాల అలమరో ఉంటే చాలు, గోడంతా కప్పనక్కర్లేదు.

అన్నిటికన్నా సతాయించేది సబ్ వూఫర్. పదహారు అడుగుల పొడవున్న హాలులో సుమారు 35 హెర్ట్జ్ శబ్దం రెండు గోడల మధ్య చిక్కుకుని ఒక మూల గుమ్మంటుంది, నడుమ మాయమవుతుంది. సబ్ వూఫర్‌ను ముందు మీరు కూర్చునే చోటే పెట్టి, బేస్ ఉన్న పాటను మోగించి, గది అంచుల వెంట మోకాళ్ల మీద పాకుతూ వినండి. చూసేవాళ్లకు నవ్వు రావచ్చు, కానీ గుమ్మనకుండా స్పష్టంగా వినిపించిన చోటే దాని స్థానం. ఇతర స్పీకర్లు చిన్నవైతే 80 హెర్ట్జ్ కన్నా తక్కువ శబ్దాలను దానికి వదిలేయవచ్చు. పాట ఆపే ముందు గాజు షోకేసు దగ్గరకు వెళ్లండి. లోపలి స్టీలు గ్లాసులు ఒకదానికొకటి తగిలి గలగలమంటుంటే తప్పు స్పీకర్‌ది కాదు. గ్లాసులను ఎడంగా సర్ది, తలుపు అంచుకు చిన్న రబ్బరు ముక్క అంటిస్తే ఆ రొద పోతుంది.

తీగల దగ్గర చాలా మంది మోసపోతారు. సౌండ్ బార్‌ను లేదా రిసీవర్‌ను (స్పీకర్లన్నిటికీ శబ్దాన్ని పంచే పెట్టె) టీవీ వెనక ఏఆర్‌సీ, ఈఏఆర్‌సీ అని రాసి ఉన్న హెచ్‌డీఎంఐ రంధ్రానికే కలపాలి. ఆప్టికల్ తీగలో 5.1 వస్తుంది, అట్మాస్ రాదు. టీవీ సెట్టింగులలో శబ్దం పీసీఎం అని ఉంటే చాలాసార్లు రెండు చానళ్లే బయటకు వస్తాయి; దాన్ని ఆటో లేదా పాస్‌త్రూకు మార్చాలి. ఓటీటీలో సినిమా పేరు దగ్గర అట్మాస్ గుర్తు ఉన్నా, ఎంచుకున్న తెలుగు ట్రాకులో అది ఉందో లేదో భాషల జాబితాలో విడిగా చూడాలి. కొన్ని చోట్ల ఎక్కువ ధర ప్లానుకే ఆ సౌకర్యం ఇస్తారు.

రిసీవర్‌తో మైకు ఇచ్చి ఉంటే దాన్ని కూర్చునే చోట చెవి ఎత్తున నిలబెట్టి, గదికి తగ్గట్టు స్పీకర్లను యంత్రమే సరిచేసుకునేలా కొలత తీయాలి. ఆ కాసేపూ సీలింగ్ ఫ్యాన్, ఏసీ, నీళ్ల మోటారు అన్నీ ఆపేయాలి, లేకపోతే యంత్రం ఆ చప్పుడునూ లెక్కలోకి తీసుకుంటుంది. కొలత తర్వాత కూడా డైలాగులు తగ్గినట్లనిపిస్తే సెంటర్ స్పీకర్‌ను రెండు మూడు డెసిబెల్స్ పెంచడానికి సంకోచించవద్దు.

పైకి శబ్దం విసిరే స్పీకర్లున్న సౌండ్ బార్ కొనాలనుకునేవారు పైకప్పు చూసుకోవాలి. ఎనిమిది నుంచి పన్నెండు అడుగుల ఎత్తులో చదునైన కాంక్రీటు శ్లాబు దీనికి బాగా పనికొస్తుంది. నేల దగ్గర ఇబ్బంది పెట్టిన గట్టిదనమే ఇక్కడ అక్కరకొస్తుంది. వాలుగా ఉండే పెంకుటింట్లో మాత్రం ఆ శబ్దం ఎటో పోతుంది గనుక మామూలు 5.1 సెట్టే నయం.

అపార్ట్‌మెంట్లలో బేస్ శ్లాబు గుండా కింది వాటాలోకి దిగుతుంది. రాత్రి పది దాటాక నైట్ మోడ్ పెట్టుకుంటే పేలుళ్లు తగ్గి మాటలు నిలుస్తాయి. మైపాడు, కొత్తపట్నం లాంటి సముద్రపు ఒడ్డు ఊళ్లలో ఉప్పుగాలికి స్పీకర్ తీగల రాగి కొనలు నల్లబడి పట్టు వదులుతాయి. ఒక పక్క శబ్దం తగ్గినట్లుంటే మెకానిక్‌ను పిలిచే ముందు కరెంటు ఆపి, ఆ కొనను కత్తిరించి, కొత్త రాగి బయటపడేలా ఒలిచి తిరిగి బిగించి చూడండి.