లారీ ఇంజిన్‌లో వాల్వు పట్టేసిందా? హెడ్డు విప్పకముందే తేల్చుకోండి

గాజువాక ఆటోనగర్‌లో మా షెడ్డుకు వచ్చే లారీల్లో చాలావాటికి అప్పటికే ఎక్కడో ఒకచోట వైద్యం జరిగి ఉంటుంది. డీజిల్ చిమ్మే నాజిళ్లు మార్చారు, పంపు విప్పారు, అయినా మిస్సింగ్ (ఒక సిలిండర్ సరిగా మండకపోవడం) పోలేదు. ఇంజిన్ పైన ఉండే టాపెట్ కవర్ ఎత్తి పది నిమిషాలు చూసి ఉంటే ఆ డబ్బు మిగిలేది.

కావలసిన సామాను: స్పానర్లు, ఫీలర్ గేజ్, డయల్ గేజ్, చిన్న నైలాన్ సుత్తి, చాక్‌పీస్, పాత కిటికీ అద్దం ముక్క ఒకటి. కవర్ విప్పే పని తెల్లవారాక, ఇంజిన్ పూర్తిగా చల్లారాకే మొదలుపెట్టాలి. మధ్యాహ్నం వేడి ఇంజిన్ మీద పని చేసేవాళ్లను నేను నమ్మను.

ముందు ఇంజిన్ నడిపించి వినండి. ఎయిర్ ఫిల్టర్ వైపు టపటపమని ఎదురు ఊదుతుంటే ఇన్లెట్ వాల్వు మూసుకోకపోయి ఉండాలి, లేదా ఎగ్జాస్ట్ వాల్వు తెరుచుకోకపోయి ఉండాలి. రెండోది చాలామందికి తట్టదు. కాలిన పొగకు బయటికి దారి లేకపోతే, ఇన్లెట్ తెరుచుకోగానే అటే తన్నుకొస్తుంది. అదే చప్పుడు సైలెన్సర్‌లో వస్తే ఎగ్జాస్ట్ వాల్వు సరిగా కూర్చోవడం లేదన్న అనుమానం.

ఏ సిలిండరో తెలియాలంటే పాత పంపు ఇంజిన్లలో నాజిల్ పైపు నట్లు ఒక్కొక్కటే కాస్త వదులు చేసి చూడండి. ఏ నట్టు వదిలినప్పుడు శబ్దం మారదో ఆ సిలిండరే. కామన్ రైల్ బండికి (నాజిళ్లన్నిటికీ ఒకే పైపు నుంచి డీజిల్ అందే రకం) మాత్రం ఈ పని వద్దు. అందులో ఒత్తిడి వెయ్యి బార్లు దాటుతుంది, డీజిల్ చర్మంలోకి సూదిలా దిగుతుంది.

ఇక ఇంజిన్ ఆపి, చల్లారనిచ్చి, బ్యాటరీ వైరు తీసి, తాళం మీ జేబులో వేసుకోండి. క్లీనర్ కుర్రాడికి ఇవ్వకండి. 2014 అక్టోబరులో హుద్‌హుద్ తుపాను తర్వాత రోజుల తరబడి నిలిచిపోయిన ఒక లారీ మా దగ్గరకు వచ్చింది. నేను కవర్ విప్పుతుండగానే డ్రైవర్ సెల్ఫ్ కొట్టాడు. పట్టేసిన వాల్వులు కదలలేదు, వాల్వులను తెరిచే రాకర్లను కింది నుంచి తోసే పుష్‌రాడ్లు మూడు విల్లులా వంగిపోయాయి.

ఇంజిన్‌ను చేత్తోనే, అది నడిచే దిశలోనే తిప్పాలి. గట్టిగా తగిలితే అక్కడే ఆగండి, స్పానర్‌కు పైపు తొడిగి బలం చూపించవద్దు. పిస్టన్ పూర్తిగా పైకి వచ్చినప్పుడు దానికీ హెడ్డుకూ (సిలిండర్ల మీది మూతకూ) మధ్య ఉండేది సుమారు ఒక మిల్లీమీటరు. తెరుచుకుని ఉండిపోయిన వాల్వు దానికి తగలకుండా ఎలా ఉంటుంది?

తిప్పుతూ రాకర్లను (వాల్వులను కిందికి నొక్కే చేతులను) చూడండి. వాల్వు కిందే ఉండిపోయి రాకర్ వదులుగా ఊగుతుంటే, తెరుచుకుని పట్టేసినట్టు. మిగతా రాకర్లు నొక్కుతుండగా ఒకటి అరకొరగా కదిలితే దాని పుష్‌రాడ్ తీసి అద్దం మీద దొర్లించండి. వంకర ఉంటే టకటకమంటుంది. నిటారుగానే ఉంటే పుష్‌రాడ్ మీద డయల్ గేజ్ పెట్టి అది ఎంత లేస్తుందో కొలవండి. ఇన్లెట్‌ను ఇన్లెట్‌తో, ఎగ్జాస్ట్‌ను ఎగ్జాస్ట్‌తో పోల్చాలి. తక్కువ లేస్తే దాన్ని లేపే క్యామ్ అరిగినట్టే. కంప్రెషన్ గేజ్ ఏ సిలిండర్‌కు జబ్బో చెబుతుంది గానీ ఇదంతా చెప్పదు.

వంగిన పుష్‌రాడ్ దొరికిందని సంబరపడి కొత్తది వేసి పంపేస్తారు. వారంలో అదీ వంగి వస్తుంది. గైడులో (వాల్వు కాడ జారే గొట్టంలో) వాల్వు పట్టేయడం వల్లే అది వంగి ఉంటుంది, ఆ వాల్వును వదిలించాలి.

అందరూ తప్పు చేసేది ఇక్కడే. తెరుచుకుని పట్టేసిన వాల్వును తట్టేటప్పుడు పిస్టన్ దూరంగా, పై అంచు నుంచి పావు చుట్టు కిందికి ఉండాలి. స్ప్రింగు విప్పేటప్పుడు మాత్రం పిస్టన్ పూర్తిగా పైనే ఉండాలి, లేకపోతే స్ప్రింగును కాడకు పట్టి ఉంచే లాకులు తీయగానే వాల్వు సిలిండర్‌లోకి జారిపోతుంది. ఈ రెండింటినీ తారుమారు చేసి హెడ్డు విప్పుకున్నవాళ్లను ఎంతమందినో చూశాను.

రాకర్ తీసి, వాల్వు కాడ చుట్టూ డీజిల్, ఆయిల్ కలిపి పోసి రాత్రంతా వదిలేయండి. పొద్దున కాడ కొన మీదే, నిటారుగా, మెల్లగా తట్టండి. స్ప్రింగు టోపీ మీద కొడితే లాకులు ఎగిరిపోతాయి. ప్రతి దెబ్బకూ వాల్వు కాస్త దిగి మళ్లీ లేవాలి. లేవకపోతే మళ్లీ ఆయిలే, పెద్ద సుత్తి కాదు.

వదిలాక పిస్టన్‌ను పైకి తెచ్చి స్ప్రింగు తీయండి. ఆరు సిలిండర్ల ఇంజిన్‌లో 6వ సిలిండర్ రాకర్లు రెండూ ఒకేసారి చేతులు మారుతుంటే (ఒకటి వదులుతుండగా రెండోది నొక్కడం మొదలుపెడితే) 1వ దాంట్లో పిస్టన్ పైన ఉన్నట్టు. 5కు 2, 4కు 3 అలాగే జోడీలు. వాల్వును వేళ్లతో తిప్పి చూడండి. నునుపుగా తిరిగితే సరే, గరగరమంటే హెడ్డు దిగాల్సిందే.

బిగించాక టాపెట్లు, అంటే రాకర్‌కూ వాల్వు కాడకూ మధ్య సందు, సెట్ చేయాలి. 12 వాల్వుల 5.9 లీటర్ల కమిన్స్‌కు చల్లగా ఉన్నప్పుడు ఇన్లెట్ 0.25, ఎగ్జాస్ట్ 0.50 మిల్లీమీటర్లు. మిగతా వాటికి మాన్యువల్ చూడండి.

పోర్టు గేటు ముందు గంటల తరబడి ఇంజిన్ ఆపకుండా నిలబెడితే వాల్వు కాడకు మళ్లీ మసి పడుతుంది. ఒక ట్రిప్పు తిరిగొచ్చాక అదే సిలిండర్ టాపెట్ కొలవండి. సందు తగ్గితే వాల్వు సీటులోకి దిగుతోంది. అప్పుడు హెడ్డు విప్పండి, నేనేమీ అనను.