తులాంబెన్ ఓడలోకి దూరకండి: బాలిలో డైవింగ్‌కు దిగేముందు జాగ్రత్తలు

మునిగిన ఓడ లోపల ఇసుక రేగి దారి తప్పిన ఒక పర్యాటకుడిని, ట్యాంకులో గాలి అడుగంటుతున్న వేళ గైడ్ బయటికి లాగాడన్న సంగతి ఈ మధ్య బాలి వెళ్ళివచ్చిన డైవర్ల నోట విన్నాను. అది జరిగిన లోతు పది మీటర్లయినా లేదట. హైదరాబాదు, విశాఖల నుంచి బాలి వెళ్ళే మనవాళ్ళలో స్కూబా (వీపున గాలి ట్యాంకుతో నీటి అడుగున ఈదడం) కోసం ఈశాన్య తీరంలోని తులాంబెన్ ఊరి దాకా పోయేవారు ఉన్నారు గనుక ఈ నాలుగు మాటలు రాస్తున్నాను. జలుబుతో దిగకండి, మద్యం తాగి దిగకండి వంటివి ఏ శిక్షకుడైనా చెబుతాడు కాబట్టి వాటిని వదిలేస్తున్నాను.

అక్కడ నల్లటి అగ్నిపర్వత ఇసుక మీద పడి ఉన్నది లిబర్టీ అనే అమెరికా సైనిక సరుకు ఓడ. 1942 జనవరి 11న జపాన్ జలాంతర్గామి వదిలిన టార్పెడో దెబ్బకు దానిలోకి నీరు చేరడంతో, గమ్యం దాకా లాక్కుపోలేక తులాంబెన్ ఒడ్డుకెక్కించి వదిలేశారు. 1963లో అగుంగ్ పర్వతం బద్దలైనప్పుడు కంపించిన నేల దానిని తిరిగి సముద్రంలోకి జార్చింది. అంటే ఇరవై ఏళ్ళు ఒడ్డున తుప్పుపట్టి, ఆ తరువాత అరవై ఏళ్ళకు పైగా ఉప్పునీటిలో నానుతున్న ఇనుము అది. 120 మీటర్లకు పైగా పొడవున్న ఆ ఓడ పైభాగం సుమారు 5 మీటర్ల లోతులోను, కింది భాగం 30 మీటర్ల దరిదాపుల్లోను ఉంటుంది. పడవ అక్కర లేకుండా ఒడ్డు నుంచే నడిచి దిగవచ్చు. ఈ సౌలభ్యమే మనిషిని ఏమరుపాటులో పడేస్తుంది.

అసలు పొరపాటు

నేను చూసినంతలో మనుషులను ప్రమాదంలోకి నెట్టే పొరపాటు ఒక్కటే: లోతు తక్కువే కదా, ఒక్కసారి లోపలికి వెళ్ళి చూసివద్దామనుకోవడం. తలపైన ఖాళీ నీరు ఉన్నంతవరకే 8 మీటర్లు తక్కువ లోతు. తలపైకి ఇనుప రేకు వచ్చాక, దూరిన కంత తప్ప వేరే దారి ఉండదు. ఈదడానికి కాలికి తొడిగే ఫిన్ ఒక్కసారి అడుగుకు తగిలితే చాలు, పేరుకున్న మెత్తటి మడ్డి పైకి లేచి, చేతిలో టార్చి ఉన్నా ఆ కంత కనిపించకుండా పోతుంది. పైగా లోతు తక్కువైన చోట అలల ఊపు కిందిదాకా అందుతుంది గనుక, నీరు మనిషిని కంతలోకి నెట్టి, మరుక్షణం తుప్పు అంచుల మీదికి ఈడుస్తుంది.

బయటపడ్డాక కూడా గండం తప్పదు. భయపడినవాడు ఊపిరి బిగబట్టి నేరుగా పైకి ఎగబాకుతాడు. 30 మీటర్ల నుంచి 20కి వస్తే నీటి ఒత్తిడి తగ్గి ఊపిరితిత్తుల్లోని గాలి మూడో వంతు పెరుగుతుంది; 10 నుంచి ఉపరితలానికి వస్తే రెండింతలవుతుంది. కనుక లోతు తగ్గేకొద్దీ బిగబట్టిన ఊపిరి మరింత ప్రమాదకరం. మీటరున్నర లోతు నుంచి అలా లేచినా ఊపిరితిత్తులు చిట్లవచ్చు. మళ్ళీ చెబుతున్నాను, లోపలికి వెళ్ళకండి.

రెండు వైపులా వెలుతురు కనిపించే వెడల్పాటి తోరణాలలో ప్రమాదం లేదని కొందరు గైడ్లు వాదిస్తారు. ఓడ శిథిలాల డైవింగ్‌లో శిక్షణ పొందినవారికి ఆ మాట వర్తించవచ్చు. మొదటిసారి దిగేవారికి, ఋషికొండలో ఒకటి రెండు డైవ్‌లు చేసి వచ్చినవారికి నేనైతే ఆ మినహాయింపు ఇవ్వను. ఫొటో బాగా వస్తుందని గైడ్ పిలిచినా తల అడ్డంగా ఊపి బయటే ఉండండి.

దిగే చోట

తులాంబెన్ తీరమంతా కాలి కింద దొర్లే గుండ్రాళ్ళు. వీపున ట్యాంకు బరువుతో అల దగ్గర తూలిపడి మడమ విరగ్గొట్టుకునే అవకాశం నీటి అడుగున కంటే ఇక్కడే ఎక్కువ. ఫిన్స్ చేతిలో పట్టుకుని, ట్యాంకు గాలిని నోటికి అందించే రెగ్యులేటర్ నోట పెట్టుకుని నడవండి. డిసెంబరు నుంచి మార్చి వరకు వానల వల్ల నీరు మసకబారుతుంది, అలలు కూడా పెరుగుతాయి; అల విరుగుతున్న తీరు చూసి గైడ్ వద్దంటే కట్టిన డబ్బు కోసం వాదించకండి.

ఇక మిగిలినవి వరుసగా చెబుతాను. ఇనుమును పట్టుకోకండి; దాని మీద కదలకుండా కూర్చునే స్కార్పియన్ చేపను మీరు గుర్తుపట్టలేరు. ముల్లు గుచ్చుకుంటే, భరించగలిగినంత వేడి నీటిలో ఆ చోటును ముంచి ఉంచి వైద్యుడి దగ్గరికి వెళ్ళండి. ఓడ రేకు కింద చిక్కుకున్న గాలిబుడగలో రెగ్యులేటర్ తీసి ఊపిరి పీల్చకండి. అది డైవర్లు వదిలిన గాలి, పైగా తుప్పు ఆక్సిజన్‌ను తినేస్తుంది. గేలపు తీగ కోసే చిన్న కత్తి దగ్గర ఉంచుకోండి. ట్యాంకులో మిగిలిన గాలి ఒత్తిడిని చూపే గేజ్ 100 బార్ చూపగానే వెనక్కి తిరగండి. పైకి వచ్చేటప్పుడు 5 మీటర్ల లోతు దగ్గర మూడు నిమిషాలు ఆగండి. జంటగా దిగినవారిని విడిచి పోకండి. సర్టిఫికెట్ లేకుంటే 12 మీటర్లు దాటకండి, శిక్షకుడికి చేయందనంత దూరం వెళ్ళకండి. లోపలికి వెళ్ళకండి. మీ ప్రయాణ బీమాలో స్కూబా ఉందో లేదో ముందే చదవండి. చివరి డైవ్ తరువాత 18 గంటలు గడవనిదే విమానం ఎక్కకండి. ఆ రాత్రే బయలుదేరి 1,717 మీటర్ల బాతూర్ కొండెక్కి సూర్యోదయం చూద్దామనుకోకండి. కొండ మీద గాలి ఒత్తిడి తగ్గితే ఒంట్లో కరిగి ఉన్న నైట్రోజన్ బుడగలు కడుతుంది. డైవ్ తరువాత కీళ్ళ నొప్పి, తిమ్మిరి, ఛాతీలో మంట, తల తిరగడం మొదలైతే నిద్రపోతే తగ్గుతుందని పడుకోకండి. వెంటనే ఆక్సిజన్ పెట్టించుకుని, ఒత్తిడి చికిత్స గది ఉన్న డెన్‌పసార్‌కు బయలుదేరండి. కింటామణి ఎత్తుల మీదుగా కాకుండా అమ్లాపుర వైపు రోడ్డున తీసుకువెళ్ళమని డ్రైవరుకు చెప్పండి.