జనతా వాచీలో సెకనుతో సహా టైమ్ కలపాలంటే

రెండో ప్రపంచ యుద్ధంలో అమెరికా సైనికులకిచ్చిన ఎ-11 వాచీల్లో కీ బయటికి లాగితే సెకన్ల ముల్లు ఆగిపోయేది. దాన్నే హ్యాకింగ్ అంటారు. దళమంతా ఒకే సెకనుకి టైమ్ కలుపుకోవడానికి ఆ ఏర్పాటు.

రోజూ కీ ఇచ్చి నడిపే మన హెచ్ఎంటీ జనతాలో అది లేదు, కీ లాగినా ముల్లు తిరుగుతూనే ఉంటుంది. కొందరు లాగిన కీని మెల్లగా వెనక్కి తిప్పి పట్టుకుని ముల్లుని ఆపుతారు. పాత వాచీకి నేనైతే ఆ పని చెయ్యను. దానంతటదే పూర్తిగా ఆగిపోనివ్వండి. సెకన్ల ముల్లు 40 దగ్గర ఆగిందనుకోండి. కాసేపట్లో రాబోయే టైమ్ పెట్టి, నిమిషాల ముల్లుని రెండు గీతల మధ్య మూడింట రెండొంతుల దూరంలో ఉంచి, కీ లోపలికి నొక్కేయండి. ఫోన్‌లో ఆ నిమిషం 40వ సెకను పడగానే కీ ఇవ్వండి. కదలకపోతే కాస్త కుదపండి.