పాత బ్రాండ్ బోర్డుతో నా తిప్పలు

బ్రాండెడ్ ఆఫీసు డెస్క్‌టాప్‌లోంచి తీసిన మదర్‌బోర్డు, ప్రాసెసర్‌తో సహా కారుచౌకగా దొరికింది. మిగతావన్నీ నా అటకమీదివే. తీరా బిగించబోతే బోర్డుకు కరెంటు అందుకునే మామూలు 24 పిన్నుల సాకెట్టే లేదు, 6 పిన్నులది ఉంది! మామూలు పవర్ సప్లై (కంప్యూటర్‌కు కరెంటిచ్చే డబ్బా) 12, 5, 3.3 వోల్టులు మూడూ ఇస్తుంది. ఈ బోర్డు 12 మాత్రమే తీసుకుని మిగతావి తనే తయారుచేసుకుంటుంది.

24 పిన్నుల ప్లగ్గును ఈ 6 పిన్నుల సాకెట్‌కు కలిపేలా, ఆ మోడల్‌కని అమ్మే అడాప్టర్ తెప్పించాను. పిన్ను దూరినంత మాత్రాన నమ్మకండి, వైర్ల వరస మోడల్‌కో రకం. మల్టీమీటర్‌తో వోల్టులు కొలిచి చూసుకున్నాకే స్విచ్ వేశాను, అయినా టెన్షనే. ఆన్ అయింది. కానీ ప్రతిసారీ ఫ్యాన్ లేదంటూ ఎఫ్1 కీ నొక్కమనేది. ఆ బ్రాండ్ వాళ్ల ఫ్యాన్‌కు 5 పిన్నులు, నాదానికి 4. చివరికి పాత సామాన్లలో వాళ్ల ఫ్యానే వెతికి బిగించాను. కాస్త గోల చేస్తుంది, పోనీ.