ఆశ్రమ పాఠశాల పిల్లల తరఫున బాలల హక్కుల కమిషన్‌కు ఫిర్యాదు రాయడం ఎలా

ఆశ్రమ పాఠశాలను నడిపేది గిరిజన సంక్షేమ శాఖ. అక్కడ తప్పు జరిగితే విచారణకు వచ్చేదీ మామూలుగా ఆ శాఖ అధికారే. శాఖకు బయట నిలబడి పిల్లల పక్షాన అడగగలిగేది బాలల హక్కుల కమిషన్. 2005 నాటి చట్టం దానికి విచారణలో సివిల్ కోర్టు అధికారాలు ఇచ్చింది. సాక్షుల్ని పిలిపించవచ్చు, హాస్టల్ రిజిస్టర్లు తెప్పించవచ్చు.

బిడ్డకు జ్వరమో దెబ్బలో ఉంటే ముందు ఆస్పత్రి, పిల్లల హెల్ప్‌లైన్ 1098కి ఫోను. కాగితం పని తర్వాత. లైంగిక వేధింపయితే పోక్సో చట్టం కింద వెంటనే పోలీసులకు చెప్పాలి, తెలిసీ దాచడం నేరం. పాప మాట్లాడే భాష పోలీసులకు రాకపోతే దుబాసీని పెట్టమని గట్టిగా అడగండి, చట్టంలోనే ఉంది.

ఫిర్యాదుకు ఫీజు లేదు, తెల్లకాగితం మీద తెలుగులో రాస్తే చాలు. రాజ్యాంగం ఎనిమిదో షెడ్యూల్లో ఉన్న ఏ భాషయినా చెల్లుతుంది. గోండి, కోయ, సవర అందులో లేవు, అది ఈ పిల్లలకు జరుగుతున్న అన్యాయమే. అందుకే బిడ్డ తన భాషలో అన్న మాటను తెలుగు లిపిలో ఉన్నదున్నట్టు రాసి, కింద అర్థం ఇవ్వండి.

‘తిండి సరిగా పెట్టడం లేదు’ అని రాస్తే అస్పష్టంగా ఉందని తోసిపుచ్చుతారు. ఇలా రాయండి: ‘జులై 8 రాత్రి 4వ తరగతి పిల్లలకు అన్నం, నీళ్లచారు పెట్టారు. గోడమీది మెనూలో గుడ్డు ఉంది. తెల్లవారుజామున 14 మందికి వాంతులయ్యాయి. ఏఎన్‌ఎం (నర్సు) ఉదయం 10 దాకా రాలేదు.’ మెనూ బోర్డు ఫొటో, ఆస్పత్రి చీటీ జతచేయండి. పిల్లల పేర్లు విడిగా కవర్లో పెట్టండి, వాట్సాప్ గ్రూపుల్లో వాళ్ల ఫొటోలు పెట్టకండి. సంతకం పెద్దవాళ్లు పెడితే మంచిది. భయపడి పేరు లేకుండా పంపితే మాత్రం తీసుకోరు. కోర్టులో ఉన్న విషయమైనా, ఉద్యోగుల సర్వీసు గొడవయినా అంతే. కాబట్టి ‘వార్డెన్ను బదిలీ చేయండి’ అన్న కోరికతో మొదలుపెట్టకుండా పిల్లలకు జరిగిన హానితో మొదలుపెట్టండి.

చాలామంది ఒకేసారి అన్నిచోట్లకూ పంపుతారు, ఇక్కడే పని చెడుతుంది. రాష్ట్ర కమిషన్ దగ్గర నడుస్తున్న విషయాన్ని జాతీయ కమిషన్ విచారించకూడదని చట్టం. ముందు రాష్ట్ర కమిషన్‌కు స్పీడ్ పోస్టులో పంపి, రసీదు దాచుకోండి. సభ్యుల్లేక అది ఖాళీగా ఉంటే జాతీయ కమిషన్ ఈ-బాల్‌నిదాన్ పోర్టల్లో వేయండి.

కమిషన్ తానుగా శిక్ష వేయలేదు. ప్రభుత్వానికి సిఫారసు చేస్తుంది, అవసరమైతే హైకోర్టుకు వెళ్తుంది. అందుకని చివర్లో ఏం కావాలో విడివిడిగా అడగండి: వైద్యఖర్చు, తాగునీటి పరీక్ష, రాత్రిపూట ఏఎన్‌ఎం. సిఫారసు వచ్చాక, దానిమీద ఏం చేశారో చెప్పమని ఐటీడీఏకు (సమీకృత గిరిజనాభివృద్ధి సంస్థకు) 10 రూపాయల ఫీజుతో సమాచార హక్కు దరఖాస్తు పెట్టండి. 30 రోజుల్లో జవాబివ్వాలి.